డ్రై సైడర్ మనవాళ్లకు ఎందుకు పడలేదు? పార్టీకి ఏవి కొనాలి?

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. సియాటెల్ దగ్గర ఒక సైడరీకి, అంటే ఆపిల్ రసాన్ని పులియబెట్టి సైడర్ అనే మద్యం చేసే చోటికి, నలుగురు వెళ్లి ఐదు రకాల ఫ్లైట్ (రుచి చూడటానికి వరసగా ఇచ్చే చిన్న గ్లాసులు) తీసుకున్నారు. పైనాపిల్ సైడర్‌తో మొదలుపెట్టారు, అది అందరికీ నచ్చింది. చివర్లో తాగిన ‘ట్రెడిషనల్ డ్రై’ని (తీపి దాదాపు లేని రకం) మాత్రం ముగ్గురు ఒక్క గుక్కతో పక్కన పెట్టేశారు. వగరు, పులుపు, పైగా పశువుల కొట్టం వాసన. ఊరి నుంచి వచ్చిన మీ బాబాయిగారు మాత్రం అదే ఇంకో గ్లాసు అడిగారు. అది పాడైపోయిన సరుకా, మనవాళ్లకు తియ్యటిదే పడుతుందా, వచ్చే నెల ఇంట్లో పాతికమందికి పార్టీ ఉంది కాబట్టి ఏవి కొనాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది పాడైంది కాదు, ఆ స్టైలే అంత. మనవాళ్లకు తీపి తప్ప ఇంకేదీ పట్టదన్నది కూడా నిజం కాదు. పార్టీకి సగం సరుకు సెమీ డ్రై (కాస్త తీపి మిగిలిన రకం) కొనండి. పులుపు స్పష్టంగా తెలియాలి, గ్యాస్ బాగా ఉండాలి. పావు వంతు పండ్ల రుచివి తీసుకోండి. మిగతాది ఫ్రాన్స్‌లోని నార్మండీ సైడర్. మీరు తాగిన ఆ డ్రై మాత్రం బాబాయిగారి కోసం ఒక్క బాటిల్ చాలు. కారణాలు కింద చెబుతాను. నేను ఓరెగన్‌లో సైడర్ తయారీలో ఉన్నాను. మొదట సెల్లార్‌లో పనిచేశాను, ఇప్పుడు ఎక్కువగా ట్యాప్ రూమ్ (తయారీ చోటే గ్లాసుల్లో పోసి అమ్మే గది) కౌంటర్ వెనకాలే ఉంటున్నాను. అందుకే తయారీ కన్నా తాగేవాళ్ల గురించే ఎక్కువ చెబుతాను.

‘డ్రై’ అన్న మాటతోనే సగం తికమక మొదలవుతుంది. ఆపిల్ రసంలో ఉన్న చక్కెరను ఈస్ట్ దాదాపు మొత్తం తినేయగలదు. ఎవరూ ఆపకపోతే సైడర్‌లో తీపి మిగలదు. అంటే డ్రై అనేది సైడర్‌కు సహజ స్థితి. మీకు నచ్చిన తియ్యటి సైడర్‌లో తీపి చాలావరకు తర్వాత కలిపిందే. పులియడం అయ్యాక కొంత తాజా రసమో చక్కెరో చేర్చి, మళ్లీ పులియకుండా ఫిల్టర్ చేస్తారు, లేదా వేడి చేసి పాశ్చరైజ్ చేస్తారు. ఇందులో మోసం ఏమీ లేదు, ఇది మామూలు పద్ధతే.

పోటీల్లో న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ (అమెరికాలో బీరు, సైడర్ న్యాయనిర్ణేతల సంస్థ) లెక్క ప్రకారం, మిగిలిన చక్కెర 0.4 శాతం లోపు ఉంటే డ్రై, 0.9 వరకు సెమీ డ్రై, 2 వరకు మీడియం, 4 వరకు సెమీ స్వీట్, ఆ పైన స్వీట్. కానీ అమెరికాలో లేబుల్ మీద ‘డ్రై’ అని రాయడానికి చట్టం పెట్టిన కొలత లేదు. ఒక కంపెనీ డ్రై ఇంకో కంపెనీకి సెమీ స్వీట్ కావచ్చు. అందుకే డబ్బా మీద డ్రై అని చూసి కొని, ‘ఇదేంటి, జ్యూస్‌లా ఉంది’ అనేవాళ్లు ఎంతమందో, ‘ఇదేంటి, నోరు పట్టేసింది’ అనేవాళ్లూ అంతమందే.

పైగా నాలుకకు చక్కెర ఒక్కటే తెలియదు. పులుపు ఎక్కువున్న సైడర్‌లో లీటరుకు 15 గ్రాముల చక్కెర ఉన్నా డ్రైగానే అనిపిస్తుంది. పులుపు తక్కువున్న రసంలో అదే 15 గ్రాములు తియ్యగా తగులుతాయి. గ్యాస్ ఎక్కువైతే తీపి తగ్గినట్టుంటుంది. వగరు ఉంటే ఇంకా డ్రైగా అనిపిస్తుంది. న్యూయార్క్ సైడర్ అసోసియేషన్ వాళ్లు లేబుల్ మీద వేసే డ్రైనెస్ స్కేల్ చక్కెర ఒక్కటే కాకుండా పులుపు, టానిన్ (పళ్లలో వగరు ఇచ్చే పదార్థం) కూడా లెక్కలోకి తీసుకుంటుంది. దుకాణంలో ఆ స్కేల్ ఉన్న బాటిల్ కనబడితే ‘డ్రై’ అన్న మాట కన్నా దాన్ని నమ్మండి.

ఇక వగరు సంగతి. సైడర్ ఆపిల్స్‌ను నాలుగు రకాలుగా విడదీసే పద్ధతి ఒకటుంది. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గరి లాంగ్ ఆష్టన్ పరిశోధన కేంద్రంలో 1903లో బార్కర్ అనే ఆయన పెట్టాడు. రసంలో పులుపు 0.45 శాతం దాటిందా లేదా, టానిన్ 0.2 శాతం దాటిందా లేదా అన్నదే కొలత. రెండూ తక్కువైతే స్వీట్, పులుపు మాత్రమే ఎక్కువైతే షార్ప్, టానిన్ మాత్రమే ఎక్కువైతే బిట్టర్‌స్వీట్, రెండూ ఎక్కువైతే బిట్టర్‌షార్ప్. డాబినెట్, యార్లింగ్టన్ మిల్ బిట్టర్‌స్వీట్ రకాలు. కింగ్‌స్టన్ బ్లాక్ బిట్టర్‌షార్ప్. ఇవి చెట్టు నుంచి కోసుకుని తినే పళ్లు కావు. కొరికితే పచ్చి అరటికాయ నమిలినట్టు నోరు పట్టేస్తుంది. మీరు తాగిన ట్రెడిషనల్ డ్రై ఈ జాతి పళ్లతో చేసింది అయ్యుంటుంది.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఆపిల్స్‌కు కొదవ లేదు, అమెరికా మొత్తంలో సగానికి పైగా అక్కడే పండుతాయి. అయితే అవి గాలా, ఫుజి, గ్రానీ స్మిత్, హనీక్రిస్ప్ లాంటి తినే పళ్లు. వాటిలో టానిన్ చాలా తక్కువ. వాటి రసాన్ని పూర్తి డ్రైగా పులియబెడితే శుభ్రంగా, పుల్లగా, కాస్త పల్చగా వస్తుంది. ఆ పల్చదనాన్ని నింపడానికే ఇక్కడి తయారీదారులు పైనాపిల్, బ్లాక్‌బెర్రీ, అల్లం, హాప్స్ (బీరుకు వాసన, చేదు ఇచ్చే పువ్వులు) వైపు వెళ్లారు. ఓరెగన్‌లోని టూ టౌన్స్ కంపెనీ వాళ్ల పసిఫిక్ పైనాపిల్ అలాంటిదే. ఇలాంటివి తాగితే ‘అది అసలు సైడరే కాదు’ అని ముక్కు విరిచే సైడర్ పండితులు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. నాకు ఆ గోల నచ్చదు. పైనాపిల్‌కు సొంత పులుపు ఉంది, సొంత వాసన ఉంది, పల్చటి బేస్‌ను బాగానే నిలబెడుతుంది. మీ నలుగురికీ అది నచ్చిందంటే మీ నాలుకలో లోపం ఏమీ లేదు.

కౌంటర్ వెనక నిలబడితే తాగేవాళ్ల ముఖమే చెప్పేస్తుంది. పులుపు తగిలితే మొదటి క్షణంలోనే కళ్లు చిట్లిస్తారు, తర్వాత నవ్వేస్తారు. టానిన్ అలా కాదు. మింగిన రెండు మూడు సెకన్ల తర్వాత నాలుకతో ముందు పళ్ల వెనకభాగాన్ని రుద్దుకుంటారు, ఏదో అంటుకున్నట్టు. లాలాజలంలోని ప్రోటీన్లను టానిన్ పట్టేసుకోవడం వల్ల నోట్లో ఆ జారుడుతనం పోతుంది. నాలుకను అలా రుద్దుకునేవాళ్లను చూడగానే నేను పక్కన చీజ్ ముక్కో వేయించిన బాదం పప్పో పెడతాను. కొవ్వు, ప్రోటీన్ ఉన్నది ఏదైనా తింటే ఆ పట్టు వదులుతుంది. రెండో గుక్క వేరే డ్రింక్‌లా ఉంటుంది. ఏమీ తినకుండా గుక్కమీద గుక్క వేస్తే వగరు పేరుకుంటూ పోతుంది. ట్యాప్ రూమ్‌లో ఖాళీ కడుపుతో చిన్న గ్లాసులో తాగి చూసే పద్ధతి ఇలాంటి సైడర్‌కు అన్యాయం చేసేదే.

మీ ఫ్లైట్ వరస కూడా తేడా చేసింది. పైనాపిల్‌తో మొదలుపెట్టామన్నారు. తీపికి అలవాటుపడిన నాలుక మీద డ్రై పడితే పులుపు, చేదు రెండూ పైకి తేలతాయి. ఎప్పుడూ డ్రైతో మొదలుపెట్టి తియ్యటి వాటి వైపు రండి. ఇంకోటి, చల్లదనం. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది ఇస్తే తీపి, వాసన అణిగిపోయి, వగరు, చేదు గరుకుగా తగులుతాయి. పండ్ల సైడర్‌కు ఆ చల్లదనం మేలు చేస్తుంది. బిట్టర్‌స్వీట్‌కు మాత్రం శత్రువే. దాన్ని పోసే ముందు ఒక అరగంట బయట పెట్టండి, 10-12 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది మనిషితో మాట్లాడుతుంది.

పశువుల కొట్టం వాసన గురించి. బిట్టర్‌స్వీట్ పళ్లలోని కొన్ని ఆమ్లాలను లాక్టిక్ బ్యాక్టీరియా, బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ మార్చేసినప్పుడు ఎథైల్ ఫినాల్స్ అనే పదార్థాలు పుడతాయి. కొద్దిగా ఉంటే లవంగం, పొగ, తోలు లాంటి వాసన. ఎక్కువైతే గుర్రపుశాల. ఇంగ్లండ్ పశ్చిమాన సోమర్సెట్, హెర్‌ఫర్డ్‌షర్ ప్రాంతాల్లో కొద్దిపాటి వాసనను తప్పుగా చూడరు, ఉంటేనే సంతోషపడేవాళ్లు కూడా ఉన్నారు. నిజంగా పాడైంది ఎలా ఉంటుందంటే: ముక్కుకు ఘాటుగా వెనిగర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన, కుళ్లిన గుడ్డు వాసన. ఇంకోటి కాస్త విచిత్రమైంది. గ్లాసులో వాసన చూస్తే ఏమీ ఉండదు. మింగిన కొద్ది సెకన్లకు గొంతు వెనక ఎలుకల బోను వాసన వస్తుంది. కొంతమందికి అది అస్సలు తెలియదు, పక్కవాళ్లు మాత్రం గ్లాసు దించేస్తారు. ఇలాంటివి తగిలితే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి, మారుస్తారు.

ఇప్పుడు మీ బాబాయిగారు. చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే ఇది నేను మళ్లీ మళ్లీ చూసిన సంగతే. తెలంగాణ పల్లెల నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు, ట్యాప్ రూమ్‌లో అందరికన్నా ముందు తేరుకుని తాగేది ఈ పుల్లటి, గ్యాస్ లేని, వాసన ఉన్న రకాలే. పొద్దున దించిన కల్లు తియ్యగా, మధ్యాహ్నానికి పుల్లగా మారడం వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలిసిన లెక్క. పులిసిన వాసనకు వాళ్లు భయపడరు. అదే వాళ్ల పిల్లలు, హైదరాబాద్‌లో లాగర్ బీరు, కూల్‌డ్రింకులతో పెరిగినవాళ్లు, అదే గ్లాసును ముక్కు దగ్గరికి తెచ్చి ఆపేస్తారు. కాబట్టి ‘మనవాళ్ల నాలుక’ అని ఒకటి లేదు. ఇంతకు ముందు ఏం తాగి అలవాటు పడ్డారన్నదే తేడా.

ఆయనకు వీలైతే స్పెయిన్ అస్తురియాస్ ప్రాంతపు సిడ్రా నాచురల్ అనే సైడర్ ఒక బాటిల్ తెచ్చి పెట్టండి. గ్యాస్ దాదాపు ఉండదు, పులుపు గట్టిగా ఉంటుంది, కాస్త వెనిగర్ ఛాయ కూడా ఆ స్టైల్‌లో భాగమే. అక్కడ బాటిల్‌ను చెయ్యెత్తినంత ఎత్తులో పట్టుకుని, కింద నడుము దగ్గర వాల్చి పట్టుకున్న వెడల్పాటి గ్లాసు అంచుకు తగిలేలా పోస్తారు. అలా తగిలినప్పుడు నురగ లేస్తుంది, వాసన విప్పుకుంటుంది. పోసేది రెండు మూడు గుక్కలే, వెంటనే తాగేయాలి, అడుగున కాస్త మిగిల్చి గ్లాసు అంచు కడిగినట్టు నేల మీద పారబోస్తారు. ఈ అస్తురియాస్ సైడర్ సంస్కృతిని 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఇంట్లో ప్రయత్నించేటట్టయితే పెరట్లో చేయండి, కార్పెట్ మీద వద్దు. మొదట్లో సగం బూట్ల మీదే పడుతుంది.

పార్టీకి వద్దాం. అతిథులను ‘స్వీట్ కావాలా, డ్రై కావాలా’ అని అడగకండి. ఎక్కువమంది ‘డ్రై’ అంటారు, అది తెలిసినవాళ్ల మాటలా వినిపిస్తుంది కాబట్టి. తర్వాత సెమీ స్వీట్ గ్లాసు ఖాళీ చేసి ఇంకోటి అడుగుతారు. ‘నాకు తీపి వద్దు’ అనేవాళ్ల అసలు బాధ చాలాసార్లు తీపితో కాదు, పులుపు లేని చప్పటి తీపితో. అందుకే నేను అడిగే ప్రశ్న ఒకటే: మామూలుగా మీరు ఏం తాగుతారు?

ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసిన చేదు బీరు) తాగేవాళ్లకు హాప్స్ వేసిన సైడర్ ఇవ్వండి. చేదు ఉండదు గానీ తెలిసిన వాసన ఉంటుంది, ఒక్క గుక్కలో దారికొస్తారు. మామూలు లాగర్ వాళ్లకు గ్యాస్ బాగా ఉన్న సెమీ డ్రై. రెడ్ వైన్ తాగేవాళ్లే బిట్టర్‌స్వీట్‌కు సహజమైన అభిమానులు, వగరు వాళ్లకు కొత్త కాదు. దాన్ని వైన్ గ్లాసులోనే పోయండి. షాంపేన్, ప్రొసెక్కో ఇష్టపడేవాళ్లకు బాటిల్‌లోనే రెండోసారి పులియబెట్టిన రకాలు దొరుకుతాయి, ధర ఎక్కువ. కాక్‌టెయిల్ వాళ్లకు పండ్ల సైడర్.

మిగిలింది విస్కీ తాగే అంకుల్స్. వీళ్లతోనే కష్టం. సైడర్ ఇస్తే ‘ఇదేం జ్యూస్ బాబూ’ అని పక్కన పెట్టేస్తారు. వాళ్ల కోసం ఒక చిన్న బాటిల్ పొమ్మో దొరుకుతుందేమో చూడండి. ఆపిల్ బ్రాందీలో తాజా ఆపిల్ రసం కలిపి ఓక్ పీపాల్లో నిలవ ఉంచేది. ఆల్కహాల్ 16-18 శాతం ఉంటుంది, ఓక్ వాసన వాళ్లకు తెలిసిందే. లేదంటే కెనడాలోని క్విబెక్ ఐస్ సైడర్. శీతాకాలపు చలిలో రసాన్ని గడ్డకట్టించి చిక్కబరిచి పులియబెడతారు. తేనెలా తియ్యగా ఉంటుంది గానీ వెనక గట్టి పులుపు ఉండటంతో వెగటు పుట్టదు. భోజనం తర్వాత చిన్న గ్లాసుల్లో ఇవ్వండి.

పైన నార్మండీ సైడర్ అన్నాను కదా, నా అనుభవంలో ఇలాంటి గుంపుకు అన్నిటికన్నా బాగా పడేది అదే. తీపి కోరేవాళ్లు, వగరు కోరేవాళ్లు ఇద్దరూ ఒకే బాటిల్ దగ్గర కలుస్తారు. దాని తయారీ వేరు. చలిలో రసంలోని పెక్టిన్ జెల్లీలా గడ్డకట్టి, గోధుమరంగు టోపీలా పైకి తేలుతుంది. ఈస్ట్‌కు కావాల్సిన పోషకాలు చాలావరకు ఆ టోపీలో చిక్కుకుపోతాయి. అడుగున ఉన్న తేట రసాన్ని నెమ్మదిగా తీసి వేరే పీపాలో పులియబెడతారు. తిండి చాలక ఈస్ట్ నీరసపడి, చక్కెర ఇంకా ఉండగానే ఆగిపోతుంది. అంటే ఆ తీపి కలిపింది కాదు, పండులోదే మిగిలింది. రుచి కాల్చిన ఆపిల్, నారింజ తొక్క గుర్తుకొచ్చేలా ఉంటుంది, వగరు మెత్తగా ఉంటుంది. లేబుల్ మీద ‘డూ’ అని ఉంటే తియ్యటిది, ఆల్కహాల్ సుమారు 2-3 శాతమే. ‘బ్రూట్’ అంటే కాస్త డ్రై, 4-5 శాతం. మొదటిసారి తాగే అత్తయ్యలకు, పిన్నులకు డూ బాగుంటుంది.

తిండి విషయం. మన వంట ఉంటే కారమే రాజు. ఆల్కహాల్, టానిన్ రెండూ కారాన్ని రేపుతాయి, తీపి దాన్ని తగ్గిస్తుంది. ఆంధ్రా చికెన్ వేపుడుతో పూర్తి డ్రై బిట్టర్‌స్వీట్ పెట్టారంటే నోరు మండి సైడర్‌ను తిడతారు. అక్కడ సెమీ స్వీట్ గానీ నార్మండీ డూ గానీ పెట్టండి. మిరపకాయ బజ్జీ, పకోడీ లాంటి నూనె వంటకాలకు గ్యాస్ బాగా ఉన్న పుల్లటి సెమీ డ్రై, అది నూనెను కోసేస్తుంది. గోంగూర మటన్ దగ్గర ఒక తమాషా ఉంది. కూరలో పులుపు ముందే ఉంటుంది కాబట్టి సైడర్ పులుపు అణిగి, డ్రై కూడా మెత్తగా అనిపిస్తుంది. ట్యాప్ రూమ్‌లో వద్దన్నవాళ్లే ఆ ప్లేటుతో తాగేస్తారు. బిర్యానీకి సెమీ డ్రై, ఆలోచించనక్కర్లేదు.

కొన్ని జాగ్రత్తలు, మన ఇళ్లలో తప్పకుండా అడిగేవి:

శాకాహారులు. కొన్ని సైడర్లను తేటపరచడానికి జెలటిన్ గానీ చేప నుంచి తీసే ఐసిన్‌గ్లాస్ గానీ వాడతారు. లేబుల్ మీద రాయకపోవచ్చు. ‘వేగన్’ అని ఉన్నది కొనండి, లేదా తయారీదారుకు మెయిల్ పెట్టి కనుక్కోండి.

షుగర్ ఉన్నవాళ్లు. లీటరుకు 30 గ్రాముల చక్కెర ఉన్న సెమీ స్వీట్ 355 మిల్లీలీటర్ల డబ్బాలో పది గ్రాములకు పైగానే ఉంటుంది. నిజమైన డ్రైలో దాదాపు ఏమీ ఉండదు, అయినా ఆల్కహాల్ ఆల్కహాలే. మందులు వాడుతుంటే ముందు డాక్టర్‌ను అడగమనండి.

ఆల్కహాల్. మామూలు సైడర్ 5 నుంచి 7 శాతం. ‘ఇంపీరియల్’ అని ఉంటే 8 శాతం, ఆ పైన కూడా ఉంటుంది. జ్యూస్‌లా దిగిపోతుంది, తెలిసేసరికి మూడో డబ్బాలో ఉంటారు. వాటిని అసలు కొనకండి, లేదా ఐస్ బాక్స్‌లో విడిగా పెట్టి చెప్పండి. డ్రైవ్ చేసేవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పిల్లలు. అమెరికాలో శరదృతువులో గ్యాలన్ జగ్గుల్లో అమ్మే ‘ఆపిల్ సైడర్’ పులియని మామూలు రసం. అది కూడా ఒకటి తెచ్చి పెట్టండి, కానీ వేరే టేబుల్ మీద. రెండిటికీ సైడర్ అనే పేరు ఉండటంతో ఎవరో ఒకరు పొరబడతారు.

గ్లూటెన్ పడనివాళ్లకు ఆపిల్ సైడర్ సహజంగానే సరిపోతుంది. మాల్ట్ కలిపిన బీర్-సైడర్ మిశ్రమాలు మాత్రం చూసుకోవాలి.

ఆఖరికి ఒక చిన్న మాట, బాబాయిగారి బాటిల్ కోసం. అడుగున మడ్డి ఉండి, ‘పెట్ నాట్’ అనో, బాటిల్‌లోనే పులిసిందనో రాసి ఉంటే, ముందు రోజు రాత్రి నిలువుగా ఫ్రిజ్‌లో పెట్టండి. కారులో ఊపుకుంటూ తెచ్చి అలాగే తీస్తే సగం సీలింగ్‌కు పోతుంది. సింక్ దగ్గర మూత కొద్దిగా వదులు చేసి, నురగ దిగాక మళ్లీ వదులు చేస్తూ తీయండి. ఆయనకు మడ్డి కలిసినా పర్వాలేదనుకుంటే అడుగు దాకా పోసేయవచ్చు, అందులో ఉన్నది ఈస్టే.